సర్టిఫికెట్‌కి ఎనిమిదేళ్లు నిండాలి, సాయానికి అక్కర్లేదు

(ఖమ్మంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో డిస్లెక్సియా గురించి, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే పిల్లల గురించి, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే టీచరు) చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ జంపఖానా పరిచారు, కూర్చోవచ్చు. మైకు వినిపిస్తోందా? సరే.

ఇందాకటి నుంచి నాకు అందిన చీటీల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "మా వాడికి డిస్లెక్సియా సర్టిఫికెట్ ఎక్కడిస్తారు?" చెప్తాను. ఎవరిస్తారో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో కూడా చెప్తాను. కాకపోతే అది చివర్లో. ఎందుకంటే సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాడు కూడా మీ పిల్లాడు ఆ పేజీ చదవలేడు. వాడికి పక్కన కూర్చుని చదవడం నేర్పే మనిషి కావాలి. ఆ మనిషిని వెతుక్కోవడానికి ఏ మెడికల్ బోర్డూ సంతకం పెట్టక్కర్లేదు.

ముందు ఒక పిల్లాడు ఎలా చదువుతాడో చూడండి. నాలుగో తరగతి. పేరెందుకు లెండి. తెలుగు వాచకం తెరిచాం. బొమ్మలో చెట్టు, చెట్టు మీద కోతి. కింద "కోతి కొమ్మ మీద కూర్చుంది" అని ఉంది. వాడు వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా "కోతి చెట్టు మీద ఉంది" అనేశాడు. వేలు ఇంకా మూడో మాట మీదే ఉంది, వాక్యం మాత్రం అయిపోయింది. పక్కనుంచి వాళ్లమ్మ, "చూశారా మేడం, చదువుతాడు. రాయమంటేనే బద్ధకం" అంది. నేను బొమ్మకి చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చదవమన్నాను. కోతిని ఇందాకే చూశాడు కాబట్టి ఆ మాట దాటేశాడు. "కొ" దగ్గర ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావట్లేదు. వంగి విన్నాను. "క కా కి కీ కు కూ..." అనుకుంటున్నాడు. "కొ" తగిలేదాకా గుణింతం మొదట్నుంచి అప్పచెప్పుకోవాలి వాడు. తగిలింది. తర్వాత "మ్మ". కింద ఉన్న వత్తు వదిలేసి "కొమ" అన్నాడు. "కొమ" అంటే ఏంటి నాన్నా అన్నాను. భుజాలెగరేశాడు. అప్పటికి వాక్యం మొదట్లో కోతి ఉందన్న సంగతే వాడికి గుర్తు లేదు.

పుస్తకం మూసేసి, నీకు కోతి కథ ఏదైనా వచ్చా అని అడిగాను. కోతి, మొసలి కథ మొత్తం చెప్పాడు. మొసలి పెళ్లాం మాటలు గొంతు మార్చి మరీ చెప్పాడు. గుండెకాయ నేరేడు చెట్టు మీద మర్చిపోయి వచ్చానని కోతి అనే చోట కావాలని కాసేపు ఆగాడు, నేను ఆత్రంగా చూడాలని. (నవ్వులు)

వాడి రిపోర్టు కార్డులో తెలుగు దగ్గర ఎర్ర గీత ఉంది. పక్కన "శ్రద్ధ లేదు" అని రాసి ఉంది.

డిస్లెక్సియా అంటే ఇంతే. బుర్ర బాగానే ఉంటుంది, మాట ఉంటుంది, కథ ఉంటుంది. మాటలో ఉన్న శబ్దాల్ని విడివిడిగా పట్టుకోవడం, ఆ శబ్దానికి ఈ గుర్తు అని చూడగానే తట్టడం, అక్కడ మాత్రం తేడా. మనకి "కొ" చూడగానే నోట్లోకొస్తుంది. వాడు వెతుక్కోవాలి. ఒక్కో అక్షరానికీ వెతుక్కునేవాడికి అర్థం గురించి ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది?

ఇది కొత్త జబ్బేం కాదు, సెల్‌ఫోన్ల వల్ల వచ్చిందీ కాదు. 1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తెలివైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేస్తాడు, చదవమంటే మాత్రం రాదు. తన పేరే అక్షరాలు తారుమారు చేసి రాసుకున్నాడు. పాఠాలన్నీ నోటితోనే చెప్పి ఉంటే బడిలో అందరికన్నా చురుకైనవాడు వీడే అయ్యేవాడని వాళ్ల మాస్టారు అన్నాడట. నూట పాతికేళ్లు దాటింది. ఆ మాట మన స్టాఫ్ రూముల్లో ఇవాళ్టికీ వినిపిస్తుంది. "నోటితో అడిగితే అన్నీ చెప్తాడండీ, పేపరు మీద ఏం పెట్టడు."

మన దగ్గర ఇంకో అపోహ ఉంది. తెలుగు రాసినట్టే చదువుతాం కదా, తెలుగులో డిస్లెక్సియా ఎలా ఉంటుంది, అది ఇంగ్లీషు వాళ్ల జబ్బు అంటారు. సగం నిజం. ఇంగ్లీషులో ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలుకుతుంది కాబట్టి అక్కడ ఈ పిల్లల ఇబ్బంది ఒకటికి రెండింతలు కనిపిస్తుంది. తెలుగులో ఉచ్చారణతో పేచీ లేదు. గుర్తుల సంఖ్యతో పేచీ. అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకీ గుణింతం, కింద వత్తులు, వత్తులు ఉన్న అక్షరానికి మళ్లీ గుణింతం. ఇంగ్లీషు పిల్లవాడు 26 అక్షరాలతో మొదలుపెడితే మనవాడు వందల గుర్తులు పట్టుకోవాలి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనాలు ఉన్నాయి. కన్నడ లిపి, మన లిపి అక్కాచెల్లెళ్లే కదా. అక్షరాలన్నీ గట్టిపడడానికి మామూలు పిల్లలకే నాలుగో తరగతి, ఐదో తరగతి దాకా పడుతుందని వాటిలో తేలింది. మనమేమో ఒకటో తరగతి అయ్యేసరికి అక్షరమాల "పూర్తయింది" అని సిలబస్‌లో టిక్కు పెట్టేస్తాం.

అందుకని తెలుగు పిల్లల్లో ఏం చూడాలంటే, ముందు వేగం చూడండి. అక్షరాలన్నీ సరిగ్గా చెప్తూనే, మూడో తరగతి దాటినా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడా? తర్వాత వత్తులు. "పుస్తకం" పుసకం అవుతుంది, "గుర్రం" గురం అవుతుంది. దీర్ఘాలు ఎగిరిపోతాయి. ప, వ, ష కలిసిపోతాయి. మ, య కలిసిపోతాయి. ద, ధ, థ గురించి చెప్పక్కర్లేదు. డిక్టేషన్ పుస్తకం తీసి చూడండి. ఒకే పేజీలో ఒకే మాట మూడు రకాలుగా రాసి ఉంటే ఆగి ఆలోచించండి. బోర్డు మీద నుంచి ఎక్కించుకోవడంలో లైన్లు దాటిపోవడం, వారాల పేర్లు, నెలల పేర్లు వరసగా చెప్పలేకపోవడం, ఎక్కాలు ఎన్నిసార్లు బట్టీపట్టినా నిలవకపోవడం, ఇవీ ఉండొచ్చు. అన్నీ ఉండాలని లేదు. ఇంట్లో నాన్నకో, మేనమామకో చిన్నప్పుడు ఇదే బాధ ఉండేదా అని అడగండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. నేను ఈ మాట అడగ్గానే చాలామంది తండ్రులు తల దించుకుంటారు. తప్పు చేసినట్టు. అందులో తప్పేముంది?

అక్షరాలు తిరగేసి రాయడం గురించి మాత్రం కంగారు పడకండి. ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది తిరగేస్తారు. అదొక్కటే చూసి డిస్లెక్సియా అనెయ్యకూడదు.

చదవలేని ప్రతి పిల్లాడికీ డిస్లెక్సియా ఉండదు. ఇది టీచర్లకి చెప్తున్నాను. మన జిల్లాలో, పక్క భద్రాద్రి జిల్లాలో, ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడి బడికొచ్చే పిల్లలున్నారు. వాళ్లకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మిర్చి కోతలప్పుడు అమ్మానాన్నల వెంట వెళ్లిపోయి, తిరిగొచ్చేసరికి క్లాసు ఎక్కడో ఉన్న పిల్లలున్నారు. కళ్లద్దాలు కావలసినవాళ్లున్నారు. చెవిలో చీము కారి సరిగ్గా వినపడనివాళ్లున్నారు. వీళ్లకి సరిగ్గా చెప్పినవాళ్లు లేరు, లేదా సరిగ్గా చూపించినవాళ్లు లేరు. అంతే. తేడా ఎలా తెలుస్తుంది? నేర్పి చూస్తే తెలుస్తుంది. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత ఎనిమిది, పది వారాలు ఒక పద్ధతిలో, చిన్న గుంపుగా కూర్చోబెట్టి రోజూ నేర్పండి. చాలామంది లేచి నడుస్తారు. అప్పటికీ కదలని ఒకరిద్దరు మిగులుతారు. వాళ్లని పరీక్షకి పంపాలి. గమనించారా, ఈలోపు నేర్పడం మొదలైపోయింది. డిస్లెక్సియా అని తేలినా, తేలకపోయినా ఆ పది వారాలు వృథా పోలేదు.

ఆ నేర్పడం ఎలా ఉంటుందో చెప్తాను. ట్యూషన్ పెట్టించాం మేడం అంటారు. ట్యూషన్లో ఏం చేస్తారు? బళ్లో రాని పాఠాన్నే సాయంత్రం ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెప్తారు. పాఠం చదవడం రానివాడికి అదే పాఠం రెండుసార్లు చెప్తే ఏం లాభం? వాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడికి వెనక్కి వెళ్లాలి. నాలుగో తరగతి అయినా సరే, "కొ" దగ్గర ఆగితే "కొ" దగ్గరికే వెళ్లాలి.

ఇందాకటి పిల్లాడితో చేసింది చెప్తాను. గుణింతం పాటలాగా పాడడం మాన్పించాను. పాడితే వాడికి వరస వస్తుంది, అక్షరం రాదు. ఒక పళ్లెంలో ఇసక పోశాం. ఆ వారం అంతా కలిపి "కి", "కు", "కొ" మూడే. నేను శబ్దం అంటాను, వాడు ఆ శబ్దం అంటూ వేలితో ఇసకలో రాస్తాడు. తర్వాత అట్టముక్కల మీద ఆ మూడూ రాసి కలిపేసి ఒక్కోటి తీస్తాను. చూడగానే చెప్పాలి, గుణింతం ఎక్కకూడదు. తట్టకపోతే నేనే చెప్పేస్తాను, వాణ్ణి పరీక్ష పెట్టను. తర్వాత వాడికి తెలిసిన మాటల్లో వాటిని వెతకడం. కిటికీ, కుక్క, కొడవలి. వత్తులకి రంగు పెన్సిలు. "కొమ్మ" రాసి, కింద వత్తు ఒక్కటి ఎర్రగా దిద్దాలి, "కొమ్... మ" అని చప్పట్లు కొట్టాలి. ఆఖర్న ఆ నేర్చుకున్న అక్షరాలతోనే కట్టిన రెండు చిన్న వాక్యాలు, బొమ్మ లేకుండా. ముప్పావు గంట. వారానికి నాలుగైదు రోజులు. మర్నాడు కొత్తది మొదలుపెట్టే ముందు పాతది మళ్లీ.

ఇంతే. ఇందులో మంత్రం లేదు, మెషీను లేదు. ప్రపంచంలో ఎక్కడైనా పనిచేసిన పద్ధతులన్నిటికీ సారం ఇదే. శబ్దానికీ గుర్తుకీ ఉన్న సంబంధాన్ని దాచకుండా, వరసలో, కొంచెం కొంచెంగా, కన్ను, చెవి, చెయ్యి, నోరు అన్నీ కలిపి నేర్పడం. నెలలు పడుతుంది. కొందరికి ఏళ్లు పడుతుంది. మూడు నెలల్లో నయం చేస్తాం అని ఎవరైనా బోర్డు పెడితే ఆ వీధిలోంచి వెళ్లకండి.

ఆ మాటొచ్చింది కాబట్టి డబ్బు సంగతి కూడా అనేస్తాను. మెమరీ టానిక్కులు అక్కర్లేదు. సరస్వతి ఆకు పచ్చడి తింటే తినండి, రుచిగానే ఉంటుంది, చదువు మాత్రం దాంతో రాదు. (నవ్వులు) బాసర వెళ్లి మళ్లీ అక్షరాభ్యాసం చేయించుకొస్తామంటే మీ నమ్మకం మీది, వెళ్లిరండి, వచ్చాక ఇసక పళ్లెం తియ్యండి. కళ్లకి గంతలు కట్టి చదివిస్తాం అనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ మోసం. రంగు అద్దాలు పెడితే చదువొస్తుందంటారు. అమెరికాలో పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్లు కలిసి 2009లోనే వీటికి ఆధారం లేదని ప్రకటన ఇచ్చారు. కంటి పరీక్ష చేయించండి, నంబరుంటే అద్దాలు పెట్టించండి, అక్కడితో ఆగండి.

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి.

మొదట బడికి. నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. "మా అబ్బాయి ఫలానా క్లాసు, చదవడంలో ఈ ఈ ఇబ్బందులు కనిపిస్తున్నాయి, పరిశీలించి సాయం చెయ్యగలరు" అని రాసి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. హెడ్‌మాస్టరు గారితో పేచీ పడమని కాదు. రాసింది ఉంటే వచ్చే ఏడాది టీచరు మారినా కథ మొదటికి రాదు.

ఇది దయాధర్మం అడగడం కూడా కాదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇది లేదు. 2016లో కొత్త చట్టం వచ్చింది, 21 రకాలు చేర్చారు, అందులో ఇదొకటి. స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ అంటారు, కాగితాల మీద ఎస్ఎల్‌డి. ఆ చట్టం 16వ సెక్షన్ ఏమంటుందంటే, పిల్లల్లో ఈ ఇబ్బందిని వీలైనంత తొందరగా కనిపెట్టి తగిన బోధన అందించడం విద్యాసంస్థల బాధ్యత. తొందరగా అంటే టెన్త్ నామినల్ రోల్స్, అదే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేటప్పుడు కాదు కదా!

గవర్నమెంటు బళ్లలో పనిచేసే టీచర్లకి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్ ఉంది, 2022లో వచ్చింది. క్లాసు టీచరు మొదటి భాగం నింపితే, అనుమానం ఉన్న పిల్లలకి స్పెషల్ ఎడ్యుకేటర్ రెండో భాగం చూస్తారు. అది స్క్రీనింగ్ మాత్రమే, నిర్ధారణ కాదు. యాప్‌లో అవునని వచ్చింది కదా అని పిల్లాడి మీద ముద్ర వెయ్యకండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఐఈఆర్‌పీలు, అంటే ఆ పిల్లలకి నేర్పే టీచర్లు, ఉంటారు. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలతోనే వాళ్ల చేతులు నిండిపోయి ఉంటాయి, ఆ సంగతి నాకు తెలుసు. అయినా వెళ్లి అడగండి. అడిగేవాళ్లు లేకపోతే ఈ పిల్లలు లెక్కలోకే రారు.

ఆసుపత్రి వైపు నుంచి అయితే 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. బళ్లకి వచ్చి పిల్లల్ని చూసే డాక్టర్ల బృందం అదే. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా వాళ్లు చూసే జాబితాలో నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉంది. వాళ్లు పంపేది జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల్లో ఇబ్బందుల్ని ముందే గుర్తించి సాయం చేసే కేంద్రానికి. హైదరాబాద్ వెళ్లగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. మానసిక వికలాంగుల సంస్థ అని పాత పేరు విని భయపడి వెనక్కొచ్చే తల్లులున్నారు. గేటు మీద పేరు చూసి పిల్లాడి గురించి తీర్మానం చెయ్యకండి, లోపలికెళ్లి చూపించుకోండి. ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఒకటే అడగండి, "మీ ఆర్‌సీఐ నంబరు ఎంతండీ?" రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. చెప్పడానికి మొహమాటపడితే లేచి వచ్చెయ్యండి.

పరీక్షలో ఏం చేస్తారంటే, పిల్లల డాక్టరు కన్ను, చెవి, నరాలు చూస్తారు. తర్వాత సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష పెడతారు. అది పిల్లాడి విలువ కట్టడానికి కాదు, చదవలేకపోవడానికి వేరే కారణం లేదని తేల్చుకోవడానికి. ఆ తర్వాత చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించడానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు తయారుచేసిన పరీక్షల కట్ట. మీరు అక్కడ ఒకటి గట్టిగా అడగండి. ఇంగ్లీషు ఒక్కటే చదివించి తేల్చొద్దు, తెలుగు కూడా చదివించండి అని. ఇంగ్లీషు ఇంట్లో వినని పిల్లాడు ఇంగ్లీషు చదవలేకపోతే దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? మీ డిక్టేషన్ పుస్తకాలు, పాత పరీక్ష పేపర్లు సంచీలో వేసుకెళ్లండి. వాటికన్నా నిజం చెప్పేవి ఉండవు.

ఇక మీ చీటీల్లో ఉన్న సర్టిఫికెట్. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బళ్లో స్క్రీనింగ్ మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకి గానీ, ఏది ముందైతే అప్పుడు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలకి సర్టిఫికెట్ ఇవ్వరు. ఎనిమిది దాటాక తీసుకున్నది 14 ఏళ్లప్పుడు మళ్లీ, 18కి మళ్లీ చేయించుకోవాలి. 18లో ఇచ్చింది జీవితాంతం. ఆ మార్గదర్శకాల్ని 2024లో సవరించారు, కాబట్టి దరఖాస్తుకి ముందు ఒకసారి అడిగి చూసుకోండి. ఇచ్చేది మెడికల్ బోర్డు. స్వావలంబన్ అనే ప్రభుత్వ పోర్టల్లో దరఖాస్తు చేస్తే యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, వస్తుంది. 40 శాతం, అంతకన్నా ఎక్కువ అని రాస్తే పై చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. ప్రైవేటు సెంటర్లో చేయించిన రిపోర్టు వేరు, బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ వేరు. రిపోర్టు పట్టుకుని పరీక్షల ముందు పరిగెత్తి, అక్కడ చెల్లదంటే ఏడ్చినవాళ్లని చూశాను.

దాంతో ఏమొస్తుంది? సీబీఎస్ఈలో అయితే గంటకి 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పేపరుకి గంట అదనం. రాసిపెట్టే స్క్రైబ్. మూడో భాష నుంచి మినహాయింపు. మన ఎస్సెస్సీ బోర్డుకి దాని ఉత్తర్వులు దానికున్నాయి. తొమ్మిదో తరగతిలో ఉండగానే హెడ్‌మాస్టరు గారిని అడిగి, నామినల్ రోల్స్ పంపేటప్పుడే ఆ వివరం ఎక్కేలా చూసుకోండి. హాల్ టికెట్ వచ్చాక గుర్తొస్తే ఎవరూ ఏం చెయ్యలేరు. స్క్రైబ్ వస్తాడు కదా అని నిశ్చింతగా ఉండడం కూడా కుదరదు. నోటితో జవాబు చెప్తూ పోతే పక్కవాడు రాస్తుంటాడు, ఆగి అందుకోవాలి, ఎక్కడ ఆపాడో గుర్తుంచుకోవాలి. అది కూడా అలవాటు చేయించాల్సిన పనే. ముందే నాలుగైదు పేపర్లు అలా రాయించండి.

ఈలోపు సైన్సు, సోషల్ పాఠాలు ఆగకూడదు. చదవడం రాలేదని విషయం కూడా రాకుండా పోవడం అన్యాయం. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి, దీక్షా యాప్‌లో వినొచ్చు, చూడొచ్చు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ చూపులేనివాళ్లకే కాదు, అచ్చు చదవలేని అందరికీ. ఫోనే తెలుగు పేజీని పైకి చదివి పెడుతుంది. వినడం కాపీ కొట్టడం కిందికి రాదు. వినిపించండి.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ పెద్దావిడకి మైకు ఇవ్వండి.

(సభలోంచి ఒక పెద్దావిడ: మా మనవడికి ఆరేళ్లమ్మా. ఒకటో తరగతి. అక్షరాలు ఎంత చెప్పినా నిలవట్లేదు. ఎనిమిదేళ్లు వచ్చాకే చూస్తామన్నారు, రెండేళ్లు ఆగమంటావా?)

ఆగొద్దు పెద్దమ్మా. సర్టిఫికెట్‌కి ఆగాలి, అంతే. మీకు చ-భాష వచ్చా? చిన్నప్పుడు పెద్దవాళ్లకి అర్థం కాకుండా మాట్లాడుకునేది? "చను చవ్వు చరా" అంటే "నువ్వు రా". (నవ్వులు) ఆఁ, మీకొచ్చు. అది ఆటే గానీ చాలా గొప్ప పాఠం. మాటని ముక్కలు చేసి, ముక్కల మధ్య ఇంకోటి చొప్పించి, మళ్లీ కలపాలి. చదవడానికి కావలసిన పని సరిగ్గా ఇదే. ఈ పిల్లలకి కష్టమయ్యేదీ ఇదే. వాడితో రోజూ అన్నం తినిపించేటప్పుడు ఇలాంటివి ఆడండి. చ-భాషే మొదలుపెట్టొద్దు, ముందు తేలికవి. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగిలింది? లక. "మామిడి"కి ఎన్ని చప్పట్లు? "క"తో మొదలయ్యే వస్తువులు ఈ వంటింట్లో ఏమున్నాయి? పుస్తకం అక్కర్లేదు, మీకు చదువు రాకపోయినా పర్లేదు. ఆ తర్వాత అక్షరాలు రోజుకి ఒకటి, ఇసకలో. రోజూ వాడికి ఒక కథ చదివి గానీ చెప్పి గానీ వినిపించండి, వాణ్ణి చదవమనకుండా. ఇవన్నీ చేస్తూ, మీ అబ్బాయిచేత బడికి కాగితం ఇప్పుడే ఇప్పించండి.

(ఒక ఉపాధ్యాయుడు: మేడం, నా క్లాసులో నలభై మంది. మీరు చెప్పిన ముప్పావు గంట ఒక్కడికి ఎక్కణ్నుంచి తేవాలి?)

తేలేరు సార్. తెమ్మని చెప్పడం నాకూ ధర్మం కాదు. మీ చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. క్లాసులో లేపి నిలబెట్టి పైకి చదివించడం ఆపండి. చదివించాలంటే ముందురోజే ఏ పేరా అడుగుతారో వాడికి చెప్పండి, నేర్చుకొస్తాడు. సైన్సు, సోషల్ పేపర్లలో వత్తులకి, దీర్ఘాలకి మార్కులు కొయ్యకండి. విషయం తెలుసో లేదో నోటితో అడిగి మార్కు వెయ్యండి. బోర్డు మీదది దించుకోవడానికి టైము చాలకపోతే పక్కవాడి నోట్సు ఫొటో తీసుకోనివ్వండి. వాణ్ణి మీకు దగ్గర్లో, బోర్డుకి దగ్గర్లో కూర్చోబెట్టండి. మొద్దు అనే మాట వాడకండి. కొట్టడం సంగతి నేను చెప్పక్కర్లేదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. ఇంకోటి, మీ బళ్లో ఇలాంటి పిల్లలు ఏడెనిమిది మంది వేరే వేరే క్లాసుల్లో ఉంటారు. ఒక్క పీరియడ్ వాళ్లందరినీ క్లాసుతో సంబంధం లేకుండా కలిపి కూర్చోబెట్టడానికి హెడ్‌మాస్టరు గారు ఒప్పుకుంటే, అది ఒక్కరికి పెట్టే టైము కాదు, అందరికీ కలిపి.

(ఒక తండ్రి: మా వాడు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు మీడియంకి మార్చాలా? టెన్త్ గట్టెక్కుతాడా?)

తొమ్మిదిలో మీడియం మార్చడం నేను సలహా ఇవ్వను సార్. సైన్సు మాటలన్నీ మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి వాడు. అదే రెండో తరగతి పిల్లాడి గురించి అడిగితే, ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం ముందు గట్టిపడనివ్వండి అనేదాన్ని. మీరు ఈ ఏడాదే బోర్డు సర్టిఫికెట్‌కి దరఖాస్తు చెయ్యండి, 14 దాటాడు కాబట్టి పాతది ఉన్నా కొత్తగా చేయించాలి. చదవడం నేర్పడం మానొద్దు, ఈ వయసులోనూ వస్తుంది, నిదానంగా వస్తుంది. పాఠాలు వినిపించి నేర్పించండి. ఒకేసారి అన్ని సబ్జెక్టులూ మోయలేడనిపిస్తే ఓపెన్ స్కూల్ ఉంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ ఉంది. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసే వీలుంది, ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు. అది పనికిరానివాళ్ల చదువని చుట్టాలు అంటారు. వాళ్ల మాట పక్కన పెట్టండి. వాడికి చేతిపని దేంట్లో ఆసక్తి? ... మోటార్లు విప్పుతాడా? అయితే ఐటీఐకి టెన్త్ చాలు, ఇప్పటి నుంచే వెళ్లి ఒకసారి చూసి రండి ఇద్దరూ.

టైమైపోయిందంటున్నారు. బడికి ఇచ్చే దరఖాస్తు నమూనా ఆ తలుపు పక్కన బల్ల మీద పెట్టాం, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. చదవడం ఇబ్బంది అనుకునేవాళ్లు మొహమాటపడకండి, అక్కడున్న అమ్మాయి చదివి పెడుతుంది, మీరు చెప్తే రాసి కూడా పెడుతుంది.